నాన్నగారి రేడియేషన్ కోసం కాకినాడలో 46 రాత్రులు

నాన్నగారికి ఆగస్టు 28న నాలుక క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. పుండు ఉన్న మేర తీసేశారు. గాయం మానాక 30 సిట్టింగుల రేడియేషన్ పెట్టాలన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒకటి. మాది అంతర్వేది దగ్గర పల్లె. మలికిపురం, రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం, యానాం మీదుగా బస్సులు మారుతూ కాకినాడ చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. రోజూ వెళ్లి రావడం జరిగే పని కాదు. వైద్యం ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో జరిగింది గానీ, రేడియేషన్‌కి మాకు బెడ్ ఇవ్వలేదు. పది నిమిషాలు మిషన్ కింద పడుకోబెట్టి పంపేస్తారు. మిగతా రోజంతా ఎక్కడుండాలో, ఏం తినాలో మనమే చూసుకోవాలి. ఆరు వారాలు మేం ఎక్కడున్నాం, ఎలా ఉన్నాం, ఎంతయింది అన్నదే రాస్తున్నాను. నేను బయల్దేరే ముందు ఇలాంటిది ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

అక్టోబరు 6న స్కాన్ అన్నారు. ముందురోజు ఆదివారం సాయంత్రానికి వచ్చి ఆర్టీసీ బస్సు కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. నాన్ ఏసీ గది రోజుకు 900. రెండో అంతస్తు. లిఫ్ట్ ఉంది, పని చెయ్యడం లేదు. నాన్నగారు మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. అప్పటికి మెత్తటి అన్నం తినగలుగుతున్నారు. కింద హోటల్ నుంచి పెరుగన్నం తెస్తే అందులో పచ్చిమిర్చి తాలింపు. ఒక్క ముద్ద పెట్టుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటూ పళ్లెం పక్కన పెట్టేశారు. ఆ రాత్రి పడుకోకుండా లెక్క వేశాను. ఆరు వారాలకి గది ఒక్కదానికే దాదాపు 38 వేలు. నేను మలికిపురంలో రొయ్యల మేత కొట్టులో పని చేస్తాను. రాని రోజులకి జీతం లేదు. పైగా ఈ గదిలో పాలు వెచ్చబెట్టుకోవడానికి కూడా పొయ్యి లేదు.

మర్నాడు స్కాన్ గదిలో, వేడినీళ్లలో మెత్తబడిన జల్లెడలాంటి ప్లాస్టిక్ షీటు నాన్నగారి ముఖం మీద నుంచి భుజాల దాకా పరిచి బిగించారు. అది ఆరి గట్టిపడే దాకా కదలకూడదు. గీతలన్నీ ఒంటి మీద కాకుండా ఆ మాస్క్ మీదే గీశారు. ప్లాన్ వేయడానికి వారం పడుతుంది, 13న రండి అన్నారు.

ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టతను నన్ను చూడగానే కనిపెట్టేశాడు. "రేడియేషన్‌కాండీ? అయితే లాడ్జిలొద్దండి. రామారావుపేట సందుల్లో ఇళ్లవాళ్లు గదులిస్తారు, వంట కూడా చేసుకోవచ్చు" అన్నాడు. నాన్నగారిని కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి రెండు ఇళ్లు చూసొచ్చాను. మొదటిది రోజుకు 350. బాత్రూమ్ పెరట్లో, రాత్రిళ్లు చీకట్లో నాచు పట్టిన రాళ్ల మీద నడిచి వెళ్లాలి. రెండో ఇంటికి బోర్డు లేదు, గేటుకి 'గదులు అద్దెకు' అని చిన్న రేకు ముక్క. పాత మేడ. ముందు భాగంలో వాళ్లుంటారు. వెనక రెండు గదులు, మేడ మీద ఒక గది. గదుల వాళ్లందరికీ కలిపి పెరటి వసారాలో రెండు పొయ్యిల వంటగది. ఇంటాయన రిటైరైన ఉద్యోగి. "రోజుకు 450 బాబూ. నెల దాటితే 400 చేస్తాను. గ్యాస్‌కి నెలకి 600 వేరు" అన్నారు. మూడు వేలు అడ్వాన్స్ ఇచ్చాను. ఇద్దరి ఆధార్ జిరాక్సులు తీసుకుని, లావుపాటి పుస్తకంలో పేరూ ఊరూ రాయించి సంతకం పెట్టించారు.

ఆరోజు నేను ఫ్యాన్ తిరుగుతుందా, బాత్రూమ్ శుభ్రంగా ఉందా, కిటికీకి దోమల జాలి ఉందా అని చూసుకున్నాను. అవన్నీ బాగానే ఉన్నాయి. అడగాల్సినవి మాత్రం అడగలేదు. అవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా తెలిశాయి.

12వ తేదీ ఆదివారం సాయంత్రం సామానుతో దిగాం. రెండు దుప్పట్లు, దోమతెర, ఒక గిన్నె, కుక్కరు, నాన్నగారి నోట్‌బుక్. ఆపరేషన్ తర్వాత ఆయన మాట స్పష్టంగా రావడం లేదు. నాకూ అమ్మకీ అర్థమవుతుంది గానీ కొత్తవాళ్లకి అర్థం కాదు. రెండుసార్లు చెప్పాల్సి వస్తే ఆయనకు చిన్నతనంగా ఉండి, పుస్తకంలో రాసి చూపించడం అలవాటు చేసుకున్నారు.

మొదటి సిట్టింగు రోజు ఉదయం తొమ్మిదికి వెళ్తే మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి పిలిచారు. రెండోరోజు నుంచి 11:15 టైమ్ ఇచ్చారు. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు, ఆటోకి పోను 40, రాను 40.

నీళ్ల సంగతి మొదటి ఉదయమే తెలిసింది. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. స్నానానికి పరవాలేదు గానీ నోట్లో పోసుకోలేం. నాన్నగారు రోజుకు ఎనిమిదిసార్లు ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించాలి. మున్సిపల్ పంపు పొద్దున్న కాసేపే వస్తుంది, అందరూ బిందెలతో ఉంటారు. చివరికి రోజు విడిచి రోజు 20 రూపాయల మంచినీళ్ల టిన్ను వేయించుకున్నాను.

గుడ్డు సంగతి మూడోరోజు వచ్చింది. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో రోజుకు ఆరు గుడ్ల తెల్లసొన అని ఉంది. 15న పొద్దున్న వసారా పొయ్యి మీద గుడ్లు ఉడకబెడుతుంటే ఇంటావిడ వచ్చారు. ఆవిణ్ణి పిన్నిగారు అని పిలుస్తున్నాను అప్పటికే. "ఏమీ అనుకోకు బాబూ, మా ఇంట్లో గుడ్డు రానివ్వం. ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను" అన్నారు మెల్లగా. నాకు ఒళ్లు మండింది. మనిషి ఎముకల గూడు అయిపోతుంటే ఈ పట్టింపులేమిటని. అడ్వాన్స్ తిరిగి అడుగుదామని గది దాకా వెళ్లాను. నాన్నగారు విషయం కనుక్కుని పుస్తకంలో రాశారు: 'వాళ్ల ఇల్లు.' అంతే.

సాయంత్రం వెళ్లి 1,900 పెట్టి ఇండక్షన్ స్టవ్, చిన్న గిన్నె కొన్నాను. ఇంటాయన (ఆయన్ని బాబాయిగారు అనేవాణ్ణి) పెరటి గోడ అవతల బట్టలుతికే బండ దగ్గరికి తనే వైరు లాగి ప్లగ్గు పెట్టించారు. కరెంటుకి ఎంతివ్వమంటారని అడిగితే, "గ్యాస్ తగ్గుతుంది కదా, ఆ 600లోనే పోనియ్" అన్నారు. ఆరు వారాలూ గుడ్లు ఆ బండ దగ్గరే ఉడికాయి. పిన్నిగారు తన నియమం వదులుకోలేదు, మాకు దారీ మూయలేదు. ఆ కోపం నాకు రెండు రోజుల్లో పోయింది. అయినా మీరు గది చూసేటప్పుడే ఇది అడగండి. చేపలు, గుడ్లు రోగికి మందులాంటివి.

రెండో వారంలో నోరు ఎండిపోవడం మొదలైంది. రుచి పోయింది. పాలు మట్టిలా ఉన్నాయని రాసేవారు. ఎనిమిదో సిట్టింగు దాటాక వాసన పడేది కాదు. ముఖ్యంగా తాలింపు. మేం ఆసుపత్రి నుంచి పన్నెండు గంటలకి వచ్చేసరికి ముందింట్లో ఎండుమిర్చి, ఇంగువ వేగే వేళ. ఒకరోజు నాన్నగారు గేటు దగ్గరే నోరు మూసుకుని, కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మర్నాడు నుంచి పన్నెండింటికి ఆ వాసన లేదు. మేం వచ్చేలోపే, పదిన్నరకల్లా పిన్నిగారు వంట ముగించేస్తున్నారని పక్క గదిలో తుని నుంచి వచ్చిన ఆవిడ చెబితే తెలిసింది. చివరి రోజు దాకా అలాగే చేశారు. దానికి నేను ఎంత కడితే సరిపోతుంది?

దీపావళికి 18, 19, 20 మూడు రోజులు కలిసొచ్చాయి. ఇంటికి వెళ్దామంటే నాన్నగారు బస్సు కుదుపులకి భయపడ్డారు. ఉండిపోయాం. శని, ఆదివారాలకీ అద్దె లెక్కే.

అక్టోబరు 26 నుంచి తుఫాను కబుర్లు. మొంథా కాకినాడ దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెబుతున్నారు. అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు, నాన్నగారిని తీసుకుని వచ్చెయ్యమని. 27 కార్తీక సోమవారం. ఆరోజు పదో సిట్టింగు ఇచ్చి, రేపూ ఎల్లుండీ మిషన్ ఉండదు, మేమే ఫోన్ చేస్తాం అన్నారు. మధ్యలో ఆగితే వైద్యం పాడవుతుందేమోనని డాక్టరుగారిని అడిగాను. లెక్క ప్రకారం మొత్తం 30 ఇస్తాం, రెండు రోజులు చివర కలుస్తాయి అన్నారు. అయినా గుండెల్లో దడ తగ్గలేదు.

బాబాయిగారు ఆ సాయంత్రమే డ్రమ్ములన్నీ నింపించారు, అందరి ఫోన్లూ ఛార్జింగ్ పెట్టించారు, మేడ మీద పూలకుండీలు దింపించారు. నేను మూడు రోజులకి సరిపడా పాల పొడి, రాగిపిండి, నాన్నగారి నొప్పి మందులు తెచ్చి పెట్టుకున్నాను. మందుల దుకాణం దగ్గర గంట లైను. 28 పొద్దుటికి వాన, గాలి. పోర్టులో పదో నంబరు హెచ్చరిక ఎగరేశారని, ఉప్పాడ బీచ్ రోడ్డు మీదికి కెరటాలు వచ్చి మూసేశారని కబురు. చీకటి పడేసరికి కరెంటు పోయింది. మా గది ముందు రేకుల వసారా చప్పుడుకి నాన్నగారు ఉలిక్కిపడుతుంటే, బాబాయిగారు టార్చి పట్టుకుని వచ్చి, "ఆయ్, అందరూ ముందింట్లోకి వచ్చెయ్యండి" అన్నారు. గదులవాళ్లం ఎనిమిదిమందిమి వాళ్ల హాల్లో చాపల మీద. నాన్నగారికి వాళ్ల పడక్కుర్చీ. ఇన్వర్టర్ మీద ఒక బల్బు, ఒక ఫ్యాన్.

తొమ్మిది గంటలప్పుడు తెలిసింది, తుఫాను కాకినాడకి దక్షిణంగా, నరసాపురం వైపు తిరిగిందని. నరసాపురం అంటే గోదావరి దాటితే మా వైపే. మా కోసం ఏడ్చిన అమ్మ దాని దారిలో ఉంది. 27 సాయంత్రమే ఊళ్లో అందరినీ బడిలోకి తరలించారని తెలుసు. తర్వాత ఫోన్ కలవడం లేదు. నాన్నగారు పుస్తకం తీసి రాశారు: 'గేదె పలుపు విప్పిందా?' నాకు తెలియదన్నాను. కాసేపాగి ఇంకోటి రాశారు: '96లో మనూళ్లో ఒక్క చెట్టు మిగల్లేదు.' బాబాయిగారు అది చదివి ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. 1996 నవంబరు 6 రాత్రి తను ఎక్కడున్నదీ, పొద్దున్న లేచి చూస్తే ఏం కనబడిందీ చెప్పారు. నాన్నగారు ఒక్కో మాటా రాసి చూపిస్తూ, ఆయన చదివి చెబుతూ, అలా రెండు దాటే దాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆపరేషన్ తర్వాత నాన్నగారు నేను కాకుండా ఇంకొకరితో అంతసేపు గడపడం అదే మొదటిసారి. అర్ధరాత్రి ప్రాంతంలో నరసాపురం దగ్గర తీరం దాటింది.

29న 11:40కి పక్కింటి వాళ్ల ఫోన్ నుంచి అమ్మ. బాగానే ఉంది. రెండు కొబ్బరిచెట్లు పడ్డాయి, పశువుల పాక కప్పు లేచిపోయింది. పలుపు విప్పే బడికి వెళ్లింది, గేదె పొద్దున్నే తిరిగొచ్చి పాక ముందు నిలబడిందట. మామిడికుదురు మండలంలో తాటిచెట్టు మీద పడి ఒకావిడ చనిపోయారని తర్వాత విన్నాం. ఆరోజు నాన్నగారు రాగిజావ గ్లాసు మొత్తం తాగారు. 30 నుంచి సిట్టింగులు మళ్లీ మొదలయ్యాయి.

బాధ కలిగిన సంగతీ చెప్పాలి. కార్తీక పౌర్ణమి నవంబరు 5. సామర్లకోట, పిఠాపురం, ద్రాక్షారామం వెళ్లే బంధువులు వాళ్లింటికి వస్తున్నారు. 3వ తేదీ రాత్రి బాబాయిగారు వచ్చి, రెండు రాత్రులు మేడ మీద గదిలోకి మారగలరా అని అడిగారు. వచ్చేవాళ్లలో ఒక ముసలమ్మగారు మెట్లు ఎక్కలేరట. మరి మా నాన్నగారు? 13 సిట్టింగులు పూర్తయి, బరువు 61 నుంచి 57కి దిగి, గోడ పట్టుకుని నడుస్తున్న మనిషి. నా గొంతు లేచింది. తుఫాను రాత్రి అంత చేసినవాళ్లు ఇలా అడిగేసరికి అందుకే ఎక్కువ కష్టంగా అనిపించింది. ఆయన తల దించుకున్నారు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. మారాం. పొద్దున్న ఆసుపత్రికి దిగడానికి పావుగంట, ఎక్కడానికి ఇరవై నిమిషాలు. పగలంతా నాన్నగారిని మళ్లీ ఎక్కించలేక ముందు హాల్లో పడక్కుర్చీలోనే పడుకోబెట్టాను, రాత్రికే పైకి. ఆ రెండు రాత్రులకీ అదే 400. తగ్గించమని నేను అడగలేదు, వాళ్లు తగ్గించలేదు. ఎక్కువ రోజులుండేవాళ్లు గది మారేది లేదని మొదటిరోజే, అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే మాట తీసుకోవాలి. పండగలు, పెళ్లి ముహూర్తాలు మధ్యలో వస్తాయేమో క్యాలెండరు చూసుకోండి.

తర్వాత రెండు వారాలు నాకు తేదీలు తప్ప పెద్దగా గుర్తు లేవు. నోటి నిండా పుళ్లు. మెడ చర్మం నల్లబడి పొట్టు లేచింది. మంచినీళ్లు కూడా మింగలేక 11న ముక్కులోంచి గొట్టం వేశారు. ఇక రెండున్నర గంటలకోసారి 200 మిల్లీలీటర్లు, సిరంజితో మెల్లగా పంపాలి. కొంచెం పలుకు ఉన్నా గొట్టం మూసుకుపోతుంది. అన్నం, పెసరపప్పు మెత్తగా ఉడికించి మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. మాకు మిక్సీ లేదు. పిన్నిగారు తనది వసారాలోనే ఉంచేశారు. మొదటి ఫీడింగు పొద్దున్న ఐదున్నరకి. అంత పొద్దున్నే మిక్సీ మోతకి అందరికీ నిద్ర పాడవుతుందని నేను రాత్రే పట్టి ఉంచితే, "నిలవుంచినది ఆయన కడుపులోకి పంపకు బాబూ, మేం నాలుగున్నరకే లేస్తాం" అన్నారు. వాళ్లు నాలుగున్నరకి లేస్తారో లేదో నేను చూడలేదు. మర్నాటి నుంచి తాజాగా పట్టాను.

18న మిషన్ ఆగిపోయింది. పొద్దున్న పదకొండుకి వెళ్లినవాళ్లం, మా వంతు వచ్చేసరికి రాత్రి ఏడున్నర. ఫీడింగుకి ఒక్క సీసానే తీసుకెళ్లాను. నాన్నగారు బల్ల మీదే ముడుచుకుని పడుకున్నారు. మూడు గంటలకి బాబాయిగారు ఫోన్ చేసి, సంగతి విని, ఫ్లాస్కులో వడకట్టిన జావ పట్టుకుని ఆటోలో వచ్చారు. అప్పటి నుంచి రోజూ రెండు సీసాలు, ఒక దుప్పటి సంచిలో పెట్టుకునే వెళ్లాను.

26 బుధవారం 30వ సిట్టింగు. మాస్క్ ఇంటికి ఇచ్చేస్తామన్నారు. నాన్నగారు వద్దని చెయ్యి ఊపారు. బరువు 54.

27 పొద్దున్న బాబాయిగారు పుస్తకం తెరిచి లెక్క చెప్పారు. 46 రాత్రులు, 400 చొప్పున 18,400. గ్యాస్ నెలన్నరకి 900. మొత్తం 19,300. అడ్వాన్స్ మూడు వేలు, మధ్యలో ఇచ్చిన పది వేలు పోను 6,300 కట్టాను. ఆటోలకి 2,400 పైన. తిండికి, పాలకి, గుడ్లకి, నీళ్లకి కలిపి 11 వేల దాకా అయింది. బయట కొన్న మందులు, గొట్టం, సిరంజిలు ఇంకో 4 వేలు. నా జీతం నెలన్నర పోయింది.

ఇండక్షన్ స్టవ్ అక్కడే వదిలేశాను. తుని ఆవిడ భర్తకి ఇంకా 12 సిట్టింగులున్నాయి, ఆయనకీ గుడ్లు చెప్పారు.

ఆటో వచ్చాక పిన్నిగారు గేటు దాకా వచ్చారు. "చెకప్‌కి ఎప్పుడు రమ్మన్నారు అన్నయ్యగారూ?" అని నాన్నగారిని అడిగారు. డిసెంబరు 29 అని నేను చెప్పబోతుంటే ఆయన నన్ను ఆపి, పుస్తకం తీసి, ఆటో చువ్వకి ఆనించి తేదీ రాశారు. దాని కింద ఇంకో మాట రాసి ఆవిడకి చూపించారు: 'కింద గదే.'

ఆవిడ చదివి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "కింద గదేనండి" అన్నారు.